అయోడిన్ ద్రావణాల తయారీలో శాతాన్ని ఎలా చదవాలి, ఎలా లెక్కించాలి

లుగాల్స్ అయోడిన్ అనే పేరుతో ప్రయోగశాలల్లో కనిపించే గోధుమరంగు ద్రావణాన్ని ఒకరు 5% అంటారు, ఇంకొకరు 12.6% అంటారు, మరొకరు 15% అంటారు. సీసా ఒకటే, ద్రావణం ఒకటే, ముగ్గురి లెక్కల్లోనూ కూడికల తప్పు లేదు. మొదటివారు మూలక రూపంలో వేసిన అయోడిన్‌ను మాత్రమే లెక్కించారు. రెండవవారు పొటాషియం అయోడైడ్‌లో దాగి ఉన్న అయోడిన్‌ను కూడా దానికి కలిపారు. మూడవవారు నీటిలో వేసిన రెండు ఘనపదార్థాల బరువులనూ కలిపి చెప్పారు. అందుచేత అయోడిన్ విషయంలో శాతాన్ని సూచించే అంకె పక్కన ఏ పదార్థాన్ని కొలిచారు, ఎంత ద్రావణానికి కొలిచారు, బరువులో కొలిచారా పరిమాణంలో కొలిచారా అన్న సంగతులు కూడా ఉండి తీరాలి.

ఈ మార్గదర్శిని జూనియర్ కళాశాలల ప్రయోగశాలల్లో పనిచేసే సహాయకులకు, డి.ఫార్మసీ విద్యార్థులకు, మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేవారికి, బడిలో పిండిపదార్థ పరీక్ష చేయించే సైన్సు ఉపాధ్యాయులకు ఉపయోగపడాలన్న ఉద్దేశంతో రాస్తున్నాను. ఇక్కడ చెప్పిన ద్రావణాలు పరీక్షలకు, రంజనాలకు (సూక్ష్మదర్శినిలో చూడడానికి రంగు వేయడానికి), శిక్షణకు సంబంధించినవి. రోగికి వాడవలసిన మందును మాత్రం లైసెన్సు ఉన్న తయారీదారు నుంచి, వైద్యుని సలహాతోనే తీసుకోవాలి.

శాతం అంటే ఇక్కడ ఏమిటి

ద్రావణాల శాతాన్ని మూడు విధాలుగా చెబుతారు. 100 మి.లీ. ద్రావణంలో ఎన్ని గ్రాముల పదార్థం ఉందో చెప్పేది బరువు/పరిమాణం శాతం. సీసాల మీద దీనిని డబ్ల్యు/వి అని రాస్తారు. 100 గ్రాముల ద్రావణంలో ఎన్ని గ్రాములు ఉన్నాయో చెప్పేది బరువు/బరువు శాతం, అంటే డబ్ల్యు/డబ్ల్యు. 100 మి.లీ. మిశ్రమంలో ఎన్ని మి.లీ. ద్రవం ఉందో చెప్పేది పరిమాణం/పరిమాణం శాతం, అంటే వి/వి. ఘనపదార్థాన్ని ద్రవంలో కరిగించినప్పుడు ఏమీ ప్రత్యేకించి చెప్పకపోతే సాధారణంగా మొదటి పద్ధతినే ఉద్దేశిస్తారు. అయోడిన్ ద్రావణాలన్నిటిలోనూ దాదాపుగా అదే అమలులో ఉంది.

పలుచని ద్రావణాల్లో మొదటి రెండు పద్ధతుల మధ్య తేడా కంటికి ఆనదు. గాఢమైన అయోడిన్ ద్రావణంలో తేడా తెలుస్తుంది. 5 గ్రాముల అయోడిన్, 10 గ్రాముల పొటాషియం అయోడైడ్ ఉన్న 100 మి.లీ. ద్రావణం బరువు 100 గ్రాములు కాదు, దాదాపు 111 గ్రాములు. అందువల్ల బరువు/పరిమాణం లెక్కలో 5% అయిన ఆ ద్రావణం బరువు/బరువు లెక్కలో సుమారు 4.5% మాత్రమే అవుతుంది. 5 గ్రాముల అయోడిన్‌కు 95 గ్రాముల నీళ్లు తూచి కలిపితే 5% వస్తుందని అనుకునేవారు ఈ రెండింటినీ కలగలుపుతున్నారు. పైగా పొటాషియం అయోడైడ్ లేకుండా అంత అయోడిన్ నీటిలో కరగనే కరగదు.

దానికంటే తరచుగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. తయారీ విధానాల్లో "100 మి.లీ. నీటిలో కరిగించాలి" అని కొన్ని చోట్ల, "నీటితో 100 మి.లీ. వరకు నింపాలి" అని మరికొన్ని చోట్ల ఉంటుంది. చదివేటప్పుడు ఒకటేనని అనిపించే ఈ రెండు మాటలు రెండు వేర్వేరు ద్రావణాలను ఇస్తాయి. కరిగిన ఘనపదార్థం కూడా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, 100 మి.లీ. నీటిలో 10 గ్రాముల పొటాషియం అయోడైడ్, 5 గ్రాముల అయోడిన్ వేస్తే చివరకు దాదాపు 104 మి.లీ. వస్తుంది. అప్పుడు అసలు గాఢత 5% కాక 4.8% దగ్గర ఉంటుంది. పరీక్షా నాళికలో పిండిపదార్థాన్ని చూపించడానికి ఈ తేడా అడ్డు రాదు. కొలతతో కూడిన పరీక్షలో మాత్రం 4% తప్పు చిన్నది కాదు. మీకు ఇచ్చిన విధానం ఏ మాట వాడిందో చూసి, దాని ప్రకారమే చేసి, చేసిన పద్ధతిని పుస్తకంలో రాసుకోండి. ఎంచుకునే స్వేచ్ఛ మీకే ఉంటే ఎప్పుడూ "వరకు నింపే" పద్ధతినే పాటించండి, ఎందుకంటే శాతం అన్న మాటకు సరిగ్గా సరిపోయేది అదే.

పొటాషియం అయోడైడ్ ఎందుకు

25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక లీటరు నీటిలో కరిగే అయోడిన్ సుమారు మూడో వంతు గ్రాము మాత్రమే. శాతంలో చెబితే అది సుమారు 0.03%. కాబట్టి "నీటిలో 1% అయోడిన్" అన్న మాట విన్నప్పుడే అందులో అయోడైడ్ లవణం ఏదో ఉండి తీరుతుందని గుర్తించాలి. అయోడైడ్ అయాన్ అయోడిన్ అణువుతో కలిసి ట్రైఅయోడైడ్ అనే అయాన్‌గా మారుతుంది. అది నీటిలో చక్కగా కరుగుతుంది, ద్రావణానికి ముదురు గోధుమ రంగును ఇచ్చేది కూడా ముఖ్యంగా అదే. ఈ కలయిక తిరిగి విడిపోగలిగినది కనుక, ట్రైఅయోడైడ్ రూపంలో ఉన్న అయోడిన్ పరీక్షలో అయోడిన్‌గానే పనిచేస్తుంది. అందుకే దానిని మూలక అయోడిన్ లెక్కలోకే చేరుస్తారు.

పొటాషియం అయోడైడ్‌లోని అయోడిన్ సంగతి వేరు. అది అయోడైడ్ రూపంలో ఉంటుంది. పిండిపదార్థానికి నీలి రంగు ఇవ్వదు, సూక్ష్మజీవులను చంపదు. కానీ శరీరంలోకి వెళితే థైరాయిడ్ గ్రంథి దానిని కూడా అయోడిన్‌గానే వాడుకుంటుంది. అందుచేత ప్రయోగశాలలో పనిచేసేవారికి 5% అన్న అంకె ముఖ్యం, మోతాదును లెక్కించే వైద్యునికి 12.6% అన్న అంకె ముఖ్యం. పొటాషియం అయోడైడ్ అణుభారం 166.0; అందులో అయోడిన్ వాటా 126.9. కాబట్టి 10 గ్రాముల పొటాషియం అయోడైడ్‌లో 7.64 గ్రాముల అయోడిన్ ఉంటుంది. దానికి మూలక అయోడిన్ 5 గ్రాములు కలిపితే 100 మి.లీ.కి మొత్తం 12.64 గ్రాములు, అంటే ఒక మి.లీ.లో సుమారు 126 మిల్లీగ్రాములు.

ఈ అంకెను తేలికగా తీసుకోవద్దని చెప్పడానికి కారణం ఉంది. మి.లీ.కి 20 చుక్కలు అనుకుంటే లుగాల్ ద్రావణం ఒక్క చుక్కలో 6.3 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. పెద్దవారికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. ఒక్క చుక్కే దానికి నలభై రెట్లకు మించిపోతుంది. 5% అన్న చిన్న అంకెను చూసి, ఇది పలుచని ద్రావణం కదా అని నీళ్లలో కలుపుకొని తాగే అలవాటు చేసుకున్నవారు థైరాయిడ్ సమస్యలను కొనితెచ్చుకునే ప్రమాదం ఉంది. వైద్యుడు రాయకుండా అలా చేయడం ఎంతమాత్రం తగదు.

లుగాల్ ద్రావణాన్ని దశలవారీగా తయారు చేయడం

ఫ్రెంచి వైద్యుడు జాన్ లుగాల్ 1829లో ప్రవేశపెట్టిన ఈ ద్రావణపు గాఢ రూపంలో అయోడిన్ 5%, పొటాషియం అయోడైడ్ 10% ఉంటాయి. 100 మి.లీ. తయారు చేయాలంటే 5 గ్రాముల అయోడిన్, 10 గ్రాముల పొటాషియం అయోడైడ్, తగినంత స్వేదన జలం కావాలి. 250 మి.లీ. కావాలంటే అన్నిటినీ రెండున్నరతో గుణించండి: 12.5 గ్రాములు, 25 గ్రాములు, నీటితో 250 మి.లీ. వరకు. ఈ లెక్కను తూకం దగ్గర నిలబడి మనసులో వేసుకోకుండా, ముందే కాగితం మీద రాసుకొని, వీలైతే ఇంకొకరికి చూపించండి.

పని మొదలుపెట్టే ముందు చేతులకు నైట్రైల్ గ్లవ్స్, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. ఫ్యూమ్ హుడ్, అంటే ఆవిరిని బయటికి లాగేసే పెట్టె, ఉంటే అందులో పనిచేయండి. లేకపోతే గాలి బాగా ఆడే గదిలో, ఫ్యాను గాలి నేరుగా తూకం మీద పడకుండా చూసుకోండి. అయోడిన్ గది ఉష్ణోగ్రత వద్దే ఊదారంగు ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి కళ్లను, ముక్కును, గొంతును మండిస్తుంది, తూకం యంత్రపు లోహ భాగాలను తినేస్తుంది. స్టీలు స్పాచులా, అల్యూమినియం చెంచా వాడవద్దు. గాజు, పింగాణీ, గట్టి ప్లాస్టిక్ పనికివస్తాయి. అమ్మోనియా ద్రావణం ఉన్న సీసాను ఆ బల్ల మీద నుంచి తీసి దూరంగా పెట్టండి. అయోడిన్, అమ్మోనియా కలిస్తే ఏర్పడే నల్లని పదార్థం ఎండిన తరువాత చిన్న తాకిడికే పేలుతుంది. ఒలికిన అయోడిన్‌ను అమ్మోనియాతో తుడవమనే పాత సలహాను ఎవరు చెప్పినా వినకండి. దానికి సోడియం థయోసల్ఫేట్ ద్రావణం, అంటే మనం హైపో అని పిలిచేది, చక్కగా సరిపోతుంది.

మొదట 10 గ్రాముల పొటాషియం అయోడైడ్‌ను తూచి, మూత ఉన్న గాజు పాత్రలో వేసి, 15 మి.లీ.కి మించకుండా నీళ్లు పోసి కరిగించండి. కరుగుతున్నప్పుడు పాత్ర చేతికి చల్లగా తగులుతుంది. పొటాషియం అయోడైడ్ కరగడానికి వేడిని లాక్కుంటుంది కాబట్టి అలా జరుగుతుంది. నీళ్లు ఇంత తక్కువ ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఈ విధానమంతటిలో జాగ్రత్తగా గ్రహించవలసిన విషయం ఇదేనని నా అభిప్రాయం. అయోడైడ్ ఎంత గాఢంగా ఉంటే అయోడిన్ అంత త్వరగా కరుగుతుంది. మొత్తం నీళ్లు ముందే పోసేస్తే అయోడిన్ పలుకులు అడుగున పడి గంటల తరబడి అలాగే ఉంటాయి. పైనున్న ద్రావణం అప్పటికే నల్లగా కనిపించడం వల్ల, అంతా కరిగిపోయిందని భ్రమపడి వడగట్టి సీసాలో పోసేవారు ఉన్నారు. అప్పుడు సీసా మీద 5% అని ఉంటుంది, లోపల 3% కూడా ఉండకపోవచ్చు.

ఇప్పుడు అయోడిన్ తూకం. కాగితం మీద తూచితే తూచుతుండగానే కొంత ఆవిరైపోతుంది, తూకం పళ్లెం పాడవుతుంది. మూతతో సహా పొటాషియం అయోడైడ్ ద్రావణం ఉన్న పాత్రనే తూకం మీద పెట్టి, బరువును సున్నా చేసి, పాత్రను కిందికి దించి, తూకానికి దూరంగా అయోడిన్ పలుకులు అందులో వేసి, వెంటనే మూత పెట్టి మళ్లీ తూచండి. పెరిగిన బరువే అయోడిన్ బరువు. ఆవిరి బయటికి పోదు, తూకం పాడవదు, పైగా కరగడం అప్పుడే మొదలవుతుంది. సరిగ్గా 5.00 గ్రాములు రావాలని ఒక్కొక్క పలుకే వేస్తూ తీస్తూ కూర్చోనవసరం లేదు. 4.87 గ్రాములు వచ్చిందనుకోండి, 4.87ను 5తో భాగించి 100తో గుణిస్తే 97.4 వస్తుంది. చివర్లో 100 మి.లీ.కి బదులు 97.4 మి.లీ. వరకు నింపితే అది కచ్చితంగా 5% ద్రావణమే. పొటాషియం అయోడైడ్ శాతం 10.3 దాకా పెరుగుతుంది, దానివల్ల నష్టం లేదు.

మూత బిగించి, అప్పుడప్పుడు పాత్రను గుండ్రంగా తిప్పుతూ ఉండండి. వేడి చేయవద్దు, వేడి చేస్తే కరగడం కన్నా ఆవిరవడమే ఎక్కువవుతుంది. కరిగిందో లేదో రంగును చూసి చెప్పలేము. పాత్రను ఒక పక్కకు వంచి, అడుగున కాంతి పడేలా చూసి, గాజు కడ్డీతో అడుగును మెల్లగా గీకి, పలుకులు తగలడం లేదని నిర్ధారించుకున్న తరువాతే ముందుకు వెళ్లండి.

చివరగా ద్రావణాన్ని 100 మి.లీ. ఘనపరిమాణ కుప్పెలోకి మార్చి, పాత్రను రెండు మూడుసార్లు కొద్ది కొద్ది నీళ్లతో కడిగి ఆ నీళ్లను కూడా కుప్పెలోనే పోసి, ద్రావణం గది ఉష్ణోగ్రతకు వచ్చిన తరువాత గీత వరకు నింపండి. కుప్పె లేకపోతే కొలజాడీ చాలు, కచ్చితత్వం కొంచెం తగ్గుతుంది. మామూలు ద్రవాలకు ఉపరితలపు వంపు అడుగును గీతతో సరిచూస్తాము. ముదురు అయోడిన్ ద్రావణంలో ఆ అడుగు కనిపించదు కాబట్టి, పై అంచును కంటికి సమాన ఎత్తులో ఉంచి చూడాలి. మూత పెట్టి తలకిందులు చేస్తూ బాగా కలపండి. గీత దగ్గర చివర్లో పోసిన నీళ్లు కలవకుండా పైనే నిలిచిపోతే సీసా పైభాగం ఒక శాతం, అడుగుభాగం ఇంకొక శాతం అవుతుంది.

పలుచన చేయడం

చేతిలో ఉన్న ద్రావణపు శాతాన్ని దాని పరిమాణంతో గుణిస్తే వచ్చేదీ, కావలసిన శాతాన్ని కావలసిన పరిమాణంతో గుణిస్తే వచ్చేదీ సమానంగా ఉండాలి. 5% ద్రావణం నుంచి 1% ద్రావణం 250 మి.లీ. కావాలంటే, 1ని 250తో గుణించి 5తో భాగించండి. 50 మి.లీ. వస్తుంది. ఆ 50 మి.లీ. తీసుకొని నీటితో 250 మి.లీ. వరకు నింపాలి. అయోడిన్ అయిదో వంతు అయినప్పుడు పొటాషియం అయోడైడ్ కూడా అయిదో వంతే, అంటే 2% అవుతుంది. రెండింటి నిష్పత్తి మారదు. 5%, 10% ద్రావణాన్ని ఇలా పలుచన చేసినప్పుడు అయోడిన్ అడుగున పేరుకోకుండా నిలబడడానికి కారణం ఆ నిష్పత్తే. అయోడైడ్ ఏమీ లేకుండా ఉత్త ఆల్కహాల్‌లో కరిగించిన అయోడిన్‌ను నీళ్లలో పోసి చూడండి, నల్లని పొడి వెంటనే విడిపోతుంది.

బ్యాక్టీరియాకు రంగు వేసి గుర్తించే గ్రామ్ రంజన పద్ధతిలో వాడే అయోడిన్ ఈ లెక్కకు మంచి అభ్యాసం. డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన ఆ పద్ధతికి నేటి ప్రయోగశాలల్లో 1 గ్రాము అయోడిన్, 2 గ్రాముల పొటాషియం అయోడైడ్, 300 మి.లీ. నీళ్లు అన్న కొలతను వాడుతున్నారు. 1ని 300తో భాగించి 100తో గుణిస్తే 0.33% వస్తుంది. దీన్ని 1% అని రాసే విద్యార్థులను చూస్తూనే ఉంటాము. ఒక గ్రాము వేశాము కాబట్టి ఒక శాతం అన్నది వారి తర్కం. ఎంత ద్రావణంలో వేశామన్నది వారు మరిచిపోయారు. గాఢ లుగాల్ ద్రావణం సిద్ధంగా ఉంటే గ్రామ్ అయోడిన్‌ను మళ్లీ తూచి చేయనక్కరలేదు. 20 మి.లీ. లుగాల్ ద్రావణంలో సరిగ్గా 1 గ్రాము అయోడిన్, 2 గ్రాముల పొటాషియం అయోడైడ్ ఉంటాయి. దానిని 300 మి.లీ. వరకు నింపితే చాలు.

ఇక్కడ జరిగింది పదిహేను రెట్ల పలుచన, అంటే ఒక వంతు ద్రావణానికి పద్నాలుగు వంతుల నీళ్లు. నిష్పత్తిని "1:15" అని మాత్రమే రాస్తే, కొందరు మొత్తం పదిహేను వంతులని చదువుతారు, కొందరు ఒక వంతుకు పదిహేను వంతుల నీళ్లు పోస్తారు. అయిదు రెట్లు పలుచన చేసేటప్పుడు ఈ తేడా ఇంకా పెద్దది. ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు పోస్తే 1% వస్తుంది, అయిదు వంతులు పోస్తే 0.83% వస్తుంది. మల పరీక్షలో పరాన్నజీవుల తిత్తులను చూడడానికి లుగాల్ ద్రావణాన్ని అయిదు రెట్లు పలుచన చేసే చోట్ల ఈ గందరగోళం నిత్యం కనబడుతుంది. నిష్పత్తికి బదులు "20 మి.లీ. తీసుకొని 100 మి.లీ. వరకు" అని రాస్తే చదివేవారికి రెండో అర్థం దొరకదు.

బడిలో ఆకుల మీద, బంగాళదుంప మీద చేసే పిండిపదార్థ పరీక్షకు 0.3% సరిపోతుంది, అంతకన్నా పలుచగా ఉన్నా రంగు వస్తుంది. ద్రావణం పాలు లేని టీ రంగులో ఉంటే చాలు. మరీ గాఢంగా ఉంటే అయోడిన్ గోధుమరంగే అన్నిటినీ కప్పేసి, పిల్లలకు నీలి నలుపు రంగు విడిగా కనిపించదు. పరీక్షకు గాఢత పెంచితే ఫలితం బాగుంటుందన్న అభిప్రాయం ఇక్కడ తలకిందులవుతుంది.

ఒకే సీసాలో రెండు రకాల శాతాలు

టింక్చర్ అయోడిన్ అని ఇళ్లలో తరతరాలుగా వాడిన ద్రావణాన్ని ఫార్మసీ పాఠాల్లో బలహీన అయోడిన్ ద్రావణం అంటారు. అందులో అయోడిన్ 2%, పొటాషియం అయోడైడ్ 2.5% ఉంటాయి, ద్రావణి 50% ఆల్కహాల్. మొదటి రెండు అంకెలు బరువు/పరిమాణం శాతాలు, మూడవది పరిమాణం/పరిమాణం శాతం. 500 మి.లీ. చేయడానికి 10 గ్రాముల అయోడిన్, 12.5 గ్రాముల పొటాషియం అయోడైడ్ కావాలి. వాటిని కొద్ది నీటిలో పైన చెప్పిన క్రమంలోనే కరిగించి 50% ఆల్కహాల్‌తో 500 మి.లీ. వరకు నింపాలి.

ఆ 50% ఆల్కహాల్‌ను 95% ఆల్కహాల్ నుంచి చేసేటప్పుడు ఒక చిక్కు ఉంది. లెక్క ప్రకారం 100 మి.లీ.కి 52.6 మి.లీ. ఆల్కహాల్ కావాలి. మిగిలిన 47.4 మి.లీ. నీళ్లు విడిగా కొలిచి పోస్తే మొత్తం 100 మి.లీ. రాదు, కొన్ని మి.లీ. తగ్గుతుంది. ఆల్కహాల్, నీరు కలిసినప్పుడు వాటి మొత్తం పరిమాణం కుంచించుకుపోతుంది, పైగా కొంచెం వేడెక్కుతుంది. అందుకని 52.6 మి.లీ. ఆల్కహాల్ తీసుకొని, నీళ్లు పోసి, చల్లారనిచ్చి, అప్పుడు 100 మి.లీ. గీత వరకు నింపాలి. ఆల్కహాల్ ఉన్న చోట మంట ఉండకూడదు.

గొంతుకు పూసే మ్యాండిల్స్ పెయింట్‌లో అయోడిన్ 1.25%, పొటాషియం అయోడైడ్ 2.5% ఉంటాయి, ద్రావణంలో ఎక్కువ భాగం గ్లిసరిన్. ఇక్కడ కూడా అవి బరువు/పరిమాణం శాతాలే. గ్లిసరిన్ చిక్కగా, బరువుగా ఉండడం వల్ల తూచి పోయాలా కొలిచి పోయాలా అన్న సందేహం విద్యార్థులకు వస్తుంది. చివరి పరిమాణం వరకు కొలిచి నింపాలి. కొలజాడీ గోడలకు గ్లిసరిన్ అంటుకుంటుంది కనుక, నేరుగా చివరి సీసా మీదే పరిమాణాన్ని గుర్తుపెట్టుకొని అక్కడి దాకా నింపడం మంచి పద్ధతి.

పోవిడోన్ అయోడిన్ మీద ఉన్న 10%

మందుల దుకాణాల్లో బెటాడిన్ వంటి పేర్లతో దొరికే పోవిడోన్ అయోడిన్ సీసాల మీద 5% అనో 10% అనో ఉంటుంది. ఆ 10% అయోడిన్ శాతం కాదు. అది పోవిడోన్ అనే పాలిమర్‌తో అయోడిన్ కలిసిన మొత్తం సమ్మేళనపు శాతం. అందులో ఉపయోగానికి వచ్చే అయోడిన్, అంటే లభ్య అయోడిన్, దాదాపు పదో వంతు. కాబట్టి 10% పోవిడోన్ అయోడిన్‌లో లభ్య అయోడిన్ సుమారు 1%, 5% సీసాలో సుమారు 0.5%. లుగాల్ ద్రావణపు 5%ను, పోవిడోన్ అయోడిన్ 10%ను పక్కపక్కన పెట్టి రెండోది రెట్టింపు గాఢమని అనుకుంటే, అసలు సంగతి దానికి పూర్తిగా విరుద్ధం. లభ్య అయోడిన్ లెక్కలో లుగాల్ ద్రావణమే అయిదు రెట్లు గాఢమైనది. ఒకదానికి బదులు ఇంకొకటి పోయడం ఎందుకు కూడదో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక్కడ ఇంకొక వింత ఉంది. 10% పోవిడోన్ అయోడిన్‌లో పాలిమర్ పట్టు నుంచి విడివడి స్వేచ్ఛగా ఉండే అయోడిన్ చాలా స్వల్పం, పది లక్షల వంతుల్లో ఒకటి రెండు వంతులు మాత్రమే. దానిని నీటితో పలుచన చేస్తూ పోతే కొంతదాకా ఆ స్వేచ్ఛా అయోడిన్ తగ్గకపోగా పెరుగుతుంది; వంద రెట్లు పలుచన చేసిన 0.1% దగ్గర అత్యధిక స్థాయికి చేరి, ఆ తరువాత తగ్గుతుంది. పలుచన అయిన కొద్దీ పాలిమర్ పట్టు సడలడమే ఇందుకు కారణం. అలాగని ఇంట్లో ఎవరికి తోచినట్టు వారు పలుచన చేయమని అర్థం కాదు. పలుచని ద్రావణంలో నిల్వ అయోడిన్ తక్కువ కనుక, రక్తం, చీము తగిలిన వెంటనే అది ఖర్చైపోతుంది. ఎంత పలుచన చేయాలో, అసలు చేయాలో వద్దో వైద్యుడే చెప్పాలి.

పాడి పశువుల చనుమొనలను పాలు పితికిన తరువాత ముంచే ద్రావణాల మీద శాతానికి బదులు పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులు అన్న లెక్క, కనిపించవచ్చు. 1% అంటే 100 మి.లీ.లో 1 గ్రాము, అంటే లీటరుకు 10,000 మిల్లీగ్రాములు, అంటే 10,000 పీపీఎం. లభ్య అయోడిన్ 0.5% ఉన్న ద్రావణం 5,000 పీపీఎం అవుతుంది. ఆ సీసా మీద కూడా చెప్పింది లభ్య అయోడిన్‌నా, మొత్తం సమ్మేళనాన్నా అన్నది చదివి తెలుసుకోవాలి.

సీసా మీద ఏమి రాయాలి, ఎలా దాచాలి

ముదురు గోధుమరంగు గాజు సీసాను, గాజు మూతను వాడండి. రబ్బరు బిరడాను, కార్కును అయోడిన్ తినేస్తుంది; పలుచని ప్లాస్టిక్ సీసా అయోడిన్‌ను పీల్చుకొని తానే గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ మేరకు లోపలి శాతం తగ్గుతుంది. సీసా మీద "అయోడిన్ 5% డబ్ల్యు/వి, పొటాషియం అయోడైడ్ 10% డబ్ల్యు/వి, నీటిలో" అని రెండు పదార్థాలనూ విడివిడిగా రాసి, తయారీ తేదీ, తయారు చేసినవారి పేరు చేర్చండి. "లుగాల్" అన్న పేరు ఒక్కటే రాస్తే చాలదు, ఎందుకంటే 1% అయోడిన్, 2% అయోడైడ్ ఉన్నదాన్నీ అదే పేరుతో పిలుస్తారు; నీటిలోని సూక్ష్మ మొక్కలను నిల్వ చేసేందుకు ఎసిటిక్ ఆమ్లం కలిపినదాన్నీ అదే పేరుతో పిలుస్తారు.

శాతం నిజమేనా అని సరిచూడడం

తయారైన ద్రావణంలో ఎంత అయోడిన్ ఉందో థయోసల్ఫేట్‌తో అంశమాపనం (టైట్రేషన్) చేసి తెలుసుకోవచ్చు. థయోసల్ఫేట్ మూలక అయోడిన్‌తోనే చర్య జరుపుతుంది, అయోడైడ్‌ను ముట్టుకోదు. అందువల్ల ఈ పరీక్ష మనకు 12.6ను కాక 5ను చూపిస్తుంది. 24.82 గ్రాముల సోడియం థయోసల్ఫేట్ పెంటాహైడ్రేట్‌ను నీటితో ఒక లీటరు వరకు నింపితే 0.1 నార్మల్ ద్రావణం వస్తుంది. దాని ఒక మి.లీ. 12.69 మిల్లీగ్రాముల అయోడిన్‌కు సమానం.

లుగాల్ ద్రావణాన్ని పిపెట్‌తో 5 మి.లీ. తీసుకోండి. నోటితో పీల్చకండి, రబ్బరు బల్బు వాడండి. దానిని శాంకవ కుప్పెలో 50 మి.లీ. నీళ్లలో కలిపి, బ్యూరెట్ నుంచి థయోసల్ఫేట్‌ను వదులుతూ ఉండండి. గోధుమరంగు లేత పసుపుకు వచ్చినప్పుడు మాత్రమే ఒక మి.లీ. గంజి ద్రావణం వేయండి. ముందే వేస్తే గంజి అయోడిన్‌ను గట్టిగా పట్టుకొని ఆఖరి బిందువును ఆలస్యం చేస్తుంది. నీలిరంగు పూర్తిగా పోయిన చోట ఆపి బ్యూరెట్ అంకె చూడండి. ద్రావణం సరిగ్గా 5% అయితే 19.7 మి.లీ. ఖర్చవుతుంది. ఎన్ని మి.లీ. పట్టినా, ఆ అంకెను 0.2538తో గుణిస్తే నేరుగా శాతం వస్తుంది. రెండుసార్లు చేసి, రెండు అంకెలూ దగ్గరగా ఉంటేనే నమ్మండి.

18.5 మి.లీ. మాత్రమే పట్టిందనుకోండి. 18.5ను 0.2538తో గుణిస్తే 4.7% వస్తుంది. మీ దగ్గర అలాంటి ద్రావణం 500 మి.లీ. ఉంటే, 100 మి.లీ.కి 0.3 గ్రాముల చొప్పున 1.5 గ్రాముల అయోడిన్ వేసి, మూత బిగించి, పూర్తిగా కరిగేదాకా ఉంచి, మళ్లీ పరీక్షించండి. 21 మి.లీ. పట్టితే అది 5.33%. 500 మి.లీ.ని 5.33తో గుణించి 5తో భాగిస్తే 533 వస్తుంది కాబట్టి, నీటితో 533 మి.లీ. వరకు నింపాలి. సరిదిద్దడం ఇష్టం లేకపోతే సీసా మీది 5%ను కొట్టివేసి, పరీక్షలో వచ్చిన శాతాన్ని, పరీక్షించిన తేదీతో సహా రాయండి.